కమాను కట్ట

బండి వీపు వంగినదని మొట్టమొదట కనిపెట్టినది మా అమ్మ. మేమందరము చదువుకొన్నవారమై యుండి, అందులో మా తమ్ముడు యంత్రశాస్త్రమున పట్టము పొందినవాడై యుండి, దానిని చూచియు చూడలేదు. 2024వ సంవత్సరపు మే నెలలో బడి సెలవులకు నేను కాలిఫోర్నియా రాష్ట్రమునందలి శాక్రమెంటో నగర సమీపమున నున్న తమ్ముని యింటికి పోయియుంటిని. అమ్మ అంతకు నాలుగు నెలల ముందే అక్కడ చేరినది. నేను దిగిన మూడవనాటి సాయంకాలము తమ్ముడు తన పాత పికప్ ట్రక్కుమీదికి క్యాంపరు నెక్కించి, వీధిలో నిలిపి, మమ్ము పిలిచి చూపెను. నేను మెచ్చుకొంటిని, మరదలు మెచ్చుకొనెను. అమ్మ మాత్రము మెట్టుమీదనే నిలిచి కొంతసేపు చూచి, "ఒరే, అదేమిట్రా, ఈనబోయే గేదెలాగా వెనక్కి కూలబడిపోయింది?" అనెను.

క్యాంపరనునది యెట్టిదో యెరుగని చదువరులకొరకు రెండు మాటలు చెప్పవలసియున్నది. అది బండి వెనుక నీడ్చుకొనిపోవు నిల్లు కాదు. పికప్ ట్రక్కు సామానుతొట్టిలోనికి దింపి, నాలుగు మూలల గొలుసులతో బిగించు నొక చిన్న కొంప. అందు పొయ్యి, నీళ్లతొట్టి, పండుకొను తావు, స్నానమునకొక మూల అన్నియు నుండును. తమ్ముడు దీనిని, దీనికి తగిన ట్రక్కును వేరువేరు చోట్ల పాతవి చూచి కొనెను. కొనుటకు కారణము అమ్మయే. ఆమెకు డెబ్బది మూడేండ్లు. హోటలు మెతుకు నోట పెట్టదు. తన చేతి వంట, తన యింటి నీరు కావలెను. కాబట్టి నాలుగు నెలలలో ఆమె చూచిన అమెరికా యంతయు తమ్ముని పెరడు, ఎదుటి వీధి, నెలకొకసారి గుడి. ఇట్లుండగా టెలివిజనులో నొకనాడు ఉత్తర కాలిఫోర్నియా తీరమునందలి రెడ్‌వుడ్ చెట్లను చూచి, "మూడువందల అడుగుల చెట్టా! దాని మొదట్లో ఒక్కసారి కూర్చోవాలిరా" అనినదట. మా తండ్రి పోయిన పదునొకండేండ్లలో ఆమె తనకై యొకటి కోరినదని నేను వినుట అదియే మొదలు. వంటయిల్లే వెంట వచ్చునెడల అమ్మ యెక్కడికైనను రాగలదు గదా యని తమ్ముని యూహ. ఊహ మంచిదే.

ఆ ట్రక్కు 2001వ సంవత్సరపు షెవ్రొలే సిల్వరాడో, 2500 హెచ్.డి. యను తరగతిది. మరునాడు అన్నదమ్ముల మిద్దరమే దానిని రహదారి కెక్కించితిమి. పది మైళ్లు పోవునప్పటికి నా గుండె జారినది. ప్రక్కనుండి పెద్ద లారీ దాటిపోయినప్పుడెల్ల మా కొంప గాలిలోని తాటిచెట్టువలె నూగెను. ఊగి యూరకుండక, ఆ యూపు మూడుసార్లు నాలుగుసార్లు ఇటునటు తిరిగి తిరిగి వచ్చెను. వెనుక క్రుంగుటచే ముందు లేచి, దీపములు దారిని విడిచి చెట్లకొమ్మలను చూపుచుండెను. చుక్కాని చేతికి మిక్కిలి తేలికగా నున్నదని తమ్ముడనెను. ముందుచక్రములపై బరువు తగ్గినప్పుడు బండి చెప్పినట్లు వినదని పశులబండి తోలినవారికిని తెలియును. వెనుకబరువు పడిన బండి కాడి లేచి యెద్దుల మెడలపై నిలువదు గదా!

ఇంటికి వచ్చి బండిక్రింద దూరితిమి. దూరినది తమ్ముడు, దీపము పట్టుట నా యుద్యోగము. మన మోటారు కార్ఖానాలలో కమాను కట్ట యనెడి దానిని నేనంత దగ్గరగా నెన్నడును చూచియుండలేదు. కమాను అను మాట పారసీకమునుండి మనకు వచ్చినది, విల్లని యర్థము. పొడవైన యుక్కుపట్టీ క్రింద పొట్టిపట్టీలను వరుసగా పేర్చి, నడుమ ఇరుసునకు బిగించి, రెండు కొనలను ఛాసీకి తగిలించిన ఆ కట్ట నిజముగా విల్లువలెనే యుండును. బరువు పడినకొలది విల్లు చదునగును. బరువు దిగగానే మరల వంపు తిరుగును. అన్నిటికిని అడుగున నున్న మందమైన పట్టీ మాత్రము తిన్ననిది. తేలికబరువున దానికి పని లేదు. పైవి బాగుగ వంగిన పిదప అది భుజమిచ్చును.

ఇరువదిమూడేండ్ల సేవచే ఆ విండ్లలో వంపే మిగులలేదు. అంతేకాదు, ఎడమప్రక్క కట్టలో రెండవపట్టీ నిలువున విరిగియున్నది. విరిగిన తావున త్రుప్పు పాతబడి నల్లబడినది. అనగా తమ్ముడు కొనకమునుపే విరిగినదన్నమాట. విరిగిన పట్టీ తన తోడివానినడుమ ఇరుకుకొని, బయటికి చక్కగా కనబడుచు, ఎన్నేండ్లనుండియో ఏమియు మోయకుండ ప్రయాణము చేయుచుండెను. ఇట్టివారిని నేను మా పాఠశాలా సంఘములలోను చూచియున్నాను గాని ఆ ప్రసంగ మిక్కడ వలదు.

తరువాతి రెండు వారాంతములు ఈ పనియే. కట్టలు రెండును క్రొత్తవి వేసితిమి. ఇరుసునకు కట్టను బిగించు యు ఆకారపు బోల్టులు ఒకసారి బిగించిన పిదప సాగియుండునట. పాతవానిని మరల వాడరాదు, క్రొత్తవానినైనను కొన్నివందల మైళ్లు నడచిన పిదప మరల బిగింపవలెను. నూనె కారిపోయిన షాక్ అబ్జార్బర్లను నాలుగింటిని మార్చితిమి. మునుపు చెప్పిన యూపు మరల మరల తిరిగివచ్చుటకు అవియే కారణము. కమాను బరువును మోయును గాని ఊపు నణచలేదు. అణచుట వీని పని. వెనుక ఇరుసునకును ఛాసీకిని నడుమ ప్రక్కయొరుగు నాపెడు స్వే బార్ అను లావుపాటి కడ్డీని బిగించితిమి. ఎత్తైన కొంపను మోయు బండికి ఇది మిక్కిలి ముఖ్యము. టైర్లు చూడగా గాడులు నిండుగ నున్నవి, క్రొత్తవలె మెరయుచున్నవి. అయితే టైరు ప్రక్కను చెక్కిన అక్షరముల చివర నాలుగంకె లుండును. మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. మావి 3214. అనగా 2014లో ముప్పది రెండవ వారమున పుట్టినవి. పదేండ్ల రబ్బరును నమ్మి తల్లి నెక్కించుట కంగీకరింపనని నేను పట్టుపట్టితిని. ఆంగ్లగ్రంథకర్త జాన్ స్టెయిన్‌బెక్ 1960లో ఇట్టి పికప్‌నే క్యాంపరుతో తోలుకొని తన దేశమంతయు తిరిగి, 1962లో ఆ ప్రయాణమును పుస్తకముగా ప్రకటించెను. ఆయన బండి అప్పటికి సరిక్రొత్తది. అయినను ఓరెగన్ రాష్ట్రములో వాననడుమ టైరు పగిలినది. ఈ కథ చెప్పగా తమ్ముడు నవ్వి, టైర్లు నాలుగును మార్చెను. ఇంగ్లీషు సాహిత్యమువలన మా కుటుంబమునకు గలిగిన ప్రయోజనములలో నిది యొకటి.

కడపట గాలిసంచులు. ఛాసీకిని ఇరుసునకును నడుమ, చక్రమునకొకటి చొప్పున, లావుపాటి రబ్బరు సంచి నిలిపి, దానికి గాలి కొట్టుదురు. సైకిలు చక్రమునకు కొట్టునట్లే. గాలి యెక్కినకొలది బండి వెనుకభాగము లేచును. కుడిని వేరుగా ఎడమను వేరుగా లేపవచ్చును. తమ్ముడు గాలి నింపుచుండగా నా కన్నులయెదుట బండి అంగుళ మంగుళముగా లేచి, దీపములు చెట్లను విడిచి దారిపై దిగినవి. అమ్మ బయటికి వచ్చి, "ఆఁ, ఇప్పుడు లేచి నిలబడింది" అనెను. తమ్ముని ముఖము చూడవలసినదే.

నాకు మాత్రము ఆ లేచుట చూచి మా మేనమామ జ్ఞాపకమునకు వచ్చెను. ఆయనకు బెజవాడలో రెండు లారీలుండెను. ఆటోనగరులో కమాను కట్టలకు అదనముగా రెండేసి పట్టీలు వేయించి, "ఎంత ఎత్తినా నా బండి తల వంచదు" అని మీసము దువ్వెడివాడు. నిజమే, వంచలేదు. నేను ఎనిమిదవ తరగతి చదువునప్పుడు ఇటుకల బరువుతో పోవుచున్న ఆ లారీకి కమానులు చెక్కుచెదరక, ఇరుసు విరిగినది. క్లీనరు కుఱ్ఱవాని కాలు పోయినది. అతడు తరువాత చాలకాలము మా మామ యింటి అరుగుమీదనే కూర్చుండి, వచ్చినవారికి మంచినీళ్లిచ్చుచుండెను. ఈ సంగతి తమ్మునికిని తెలియును. కాని అప్పుడు నేను చెప్పలేదు. శుభమా యని బండి లేచిననాడు అశుభ మెందులకని యూరకుంటిని. అది నా తప్పు.

మరుసటి ఆదివారము అమ్మతో సహా నలుగురము, పెద్ద ప్రయాణమునకు కావలసిన సామగ్రి యంతయు నెక్కించుకొని, పరీక్షగా టాహో సరస్సునకు బయలుదేరితిమి. శాక్రమెంటో యించుమించు సముద్రమట్టమున నున్నది; దారిలో ఎకో కనుమ 7,380 అడుగుల యెత్తున నున్నది. బండి యూగలేదు. చుక్కాని కుదురుగా నున్నది. లారీలు ప్రక్కగా దాటుచున్నను అమ్మ మేలుకొనలేదు. పోవునప్పుడంతయు పండుగయే. తిరుగుదారిలో కనుమ దిగుచుండగా కాలిన రబ్బరువంటి వాసన వచ్చినది. తమ్ముడేమియు ననలేదు. అతని కాలు రెండుసార్లు, మూడుసార్లు బ్రేకును త్రొక్కుట చూచితిని. అటుపిమ్మట చిన్న గేరున నెమ్మదిగా దించి, దారిప్రక్క చోటు దొరకగానే నిలిపెను. ముందుచక్రములనుండి పొగ సన్నగా లేచుచున్నది. గంటకాలము చల్లార నిచ్చితిమి. అమ్మ యొక రాతిమీద కూర్చుండి, "ఏమైందిరా?" అని యొక్కసారి యడిగినది. "ఏమీ లేదమ్మా, కాస్త వేడెక్కింది" అని తమ్ముడు చెప్పెను. ఆమె మరల అడుగలేదు. బిడ్డలు అబద్ధమాడునప్పుడు తల్లులడుగని ప్రశ్న అది.

ఆ గంటలో తెరచియున్న తలుపుదగ్గర కూర్చుండి, చేయునది లేక, తలుపుచట్రముపై నంటించిన చీటి చదివితిని. చదువుట నా వృత్తి గదా. మా యింట నెవ్వరును దానిని చదివియుండలేదు. బండి, మనుష్యులు, సామాను, నూనె, నీరు అంతయు కలిపి 9,200 పౌనులు, అనగా దాదాపు 4,173 కిలోలు, మించరాదని అందున్నది. వెనుక ఇరుసుపై 6,084 పౌనులు మించరాదు. ఆ రెండవ యంకె చూచి టైరు దగ్గరకు పోయితిని. చదరపంగుళమునకు 80 పౌనుల గాలితో ఒక టైరు 3,042 పౌనులు మోయునని దానిపై చెక్కియున్నది. రెండు టైర్లకు 6,084. చీటిలోని యంకె అందులకు సరిపోయినది! మేము రెండు వారములుగా బలపరచినది కమానులను. కమానులు ఒకపాలు, టైర్లు, ఇరుసు, బేరింగులు, బ్రేకులు, ఛాసీ తక్కినపాళ్లు. బ్రేకులను మేము ముట్టనేలేదు.

ఆ రాత్రి భోజనానంతరము ఈ మాట యెత్తితిని. "అన్నయ్యా, బండి సమంగా నిలబడింది, ఊగటం లేదు. ఇంకేం కావాలి? నువ్వు వ్యాకరణం చూసుకో, బండి సంగతి నాకొదిలెయ్" అనెను తమ్ముడు. అతడట్లు నాతో నెన్నడును అనియుండలేదు. భయపడియున్నాడని నాకు తెలిసినది. తెలిసియు నాకు కోపము వచ్చినది. "మామయ్య బండీ సమంగానే నిలబడింది" అంటిని. మరదలు కంచములు తీయుచు నట్లే నిలిచిపోయెను. కొంతసేపటికి తమ్ముడు లేచి, గాలిసంచుల పెట్టెలోని కాగితము తెచ్చి నా ముందు పెట్టి పోయి పండుకొనెను. ఈ సంచులు బిగించినందున తయారుచేసినవారు విధించిన బరువును మించరాదని అమ్మినవారే అందులో అచ్చువేసియుండిరి. అది బిగించునాడే అతడు చదివియున్నాడన్నమాట.

మరునాడుదయము తానే నన్ను లేపి, కాటాకు పోదమనెను. ఆ దేశములో రహదారులప్రక్క లారీలు నిలుచు తావులలో పెద్ద కాటాలుండును. క్యాట్ అను సంస్థవి యెక్కడ చూచినను కనబడును. కాటా, క్యాట్ అను పేర్ల పోలిక చూచి నాకు నవ్వు వచ్చినది. ముందు ఇరుసు నొక పలకమీదను, వెనుక ఇరుసు నొక పలకమీదను నిలిపిన, వేరువేరుగా తూచి చీటి యిత్తురు. అమ్మతో సహా నలుగురమును ఎక్కి, నిన్నటి సామానుతోనే తూగితిమి. ముందు 3,860. వెనుక 5,940. మొత్తము 9,800.

వెనుక ఇరుసు పరిమితిలోనే యున్నది, నూట నలుబదినాలుగు పౌనుల యెడముతో. మొత్తము మాత్రము ఆరువందల పౌనులు మించినది. మన లెక్కలో డెబ్బదియైదు కిలోల ధాన్యపు బస్తాలు మూడున్నర. క్యాంపరు తలుపుపై 2,400 పౌనులని వ్రాసియున్నదే, అంత బరువెట్లు వచ్చినదని తమ్ముడు తనలో తానే గొణుగుకొనెను. ఆ యంకె నీరు, సామాను, తరువాత చేర్చిన బ్యాటరీలు లేని ఖాళీకొంపది. కాపురము లేని కాపురపు బరువు.

సంస్కృతమున భృ ధాతువునుండియే భారము, భర్త, భార్య పుట్టినవి. మోయువాడొకడు, మోయదగినదొకతె యని పూర్వులు చేసిన యేర్పాటు. ఆంగ్లమున మోయుటకు వాడు బేర్ అను మాటయు, బరువునకు వాడు బర్డెన్ అను మాటయు ఆ మూలమునకు చుట్టములే. దారిలో ఈ మాట చెప్పగా మరదలు, "బావగారూ, ఆ క్యాంపరులోని గిన్నెలు నేను మోసి ఎక్కించాను. మీ ధాతువు ఎవరిదో కాస్త మళ్లీ చూడండి" అనెను. దానికి నా యొద్ద సమాధానము లేదు.

ఇంటికి వచ్చి చీటి అమ్మ చేతిలో పెట్టితిమి. అంకెలు ఆమె బాగుగ చదువును. "ఆరువందలెక్కువా? ఎవరెక్కించారు?" అనెను. ఎవరును మాటాడలేదు. స్నానపుగదిలోని చిన్న కాటా తెచ్చి, క్యాంపరునుండి ఒక్కొక్కటే దించి తూచుట ప్రారంభించితిమి. తమ్ముని విద్యుద్యంత్రము 120 పౌనులు. రుబ్బుడు యంత్రము 30. బియ్యపుసంచులు రెండు 40. ఇత్తడి గిన్నెలు, గంగాళము 45. ఇనుపకుర్చీలు 37. ఒక అట్టపెట్టె 38. అందేమున్నదని అమ్మ యడిగెను. నేను చదువుకొనుటకు తెచ్చుకొన్న పుస్తకములు. ప్రయాణము ఆరుదినములు, పుస్తకములు పదునారు. తమ్ముడు చాలకాలమునకు నా వంక చూచి నవ్వెను.

"నీళ్లెంత?" అనెను అమ్మ.

తొట్టి నలుబది గ్యాలనులది. గ్యాలను ఎనిమిదింబావు పౌనులకు పైచిలుకు. మొత్తము 334 పౌనులు. బరువులన్నిటిలో పెద్దది అదియే. అది యెవరికొరకో అందరికిని తెలియును. చెట్లయొద్ద విడిదితావులలో కుళాయిలున్నవి. ఆ నీరు అమ్మ ముట్టదని తొట్టి నిండ ఇంటినుండి పట్టితిమి. ఇరువదేండ్లుగా నేనామెతో మడినిగూర్చి వాదించుచున్నాను. ధర్మశాస్త్రములు చూపితిని, ఆరోగ్యశాస్త్రము చూపితిని, ఒకసారి అన్నము మానితిని. ఆమె విని, "సరేలేరా" అని తన దారిని తాను పోయెడిది. ఆనాడు నేను నోరు తెరువలేదు. ఆమె లెక్కకాగితమును కొంతసేపు చూచి, "నిన్న కొండమీద పొగొచ్చింది దీనికేనా?" అని తమ్ముని యడిగినది. అతడు తలయూచెను. "తీసెయ్యండి. ఐదు గ్యాలన్లు చాలు దారికి. అక్కడివాళ్లు తాగే నీళ్లే మనమూ తాగుదాం" అని లోపలికి పోయెను. పోవుచు, "గిన్నెల్లో చిన్న చెంబొకటి ఉంచండి" అనెను.

అన్నియు తీయగా సరిగా ఆరువందలు దిగినది. అది హద్దుమీదనే, హద్దుమీద నడచుట నాకు సమ్మతము కాలేదు. నేనును మరదలును చిన్నకారులో వెనుక వచ్చుటకు నిశ్చయించితిమి. తమ్ముడు బ్రేకు పట్టీలను, పళ్లెములను క్రొత్తవి వేయించి, పాత బ్రేకునూనెను తీయించివేసెను. మరల కాటా యెక్కించితిమి: ముందు 3,660, వెనుక 5,260, మొత్తము 8,920. గాలిసంచులలో మునుపటి గాలిలో సగము చాలినది. ఆ చీటిని అమ్మ అడిగి పుచ్చుకొని తన భాగవతము పుటలనడుమ పెట్టుకొనెను.

జూను మొదటివారమున బయలుదేరితిమి. తీరపు కనుమలలో దిగుడు వచ్చినప్పుడెల్ల తమ్ముడు ముందుగనే చిన్న గేరు వేయుట వెనుకనుండి నాకు కనబడుచుండెను. మూడవనాటి మధ్యాహ్నమునకు హంబోల్ట్ రెడ్‌వుడ్స్ ఉద్యానవనము చేరితిమి. ఆ చెట్లను వర్ణించుట నా వల్ల కాదు. అమ్మ ఒకదాని మొదట్లో కూర్చుండి, పైకి చూడక, దాని బెరడుమీద చేయి వేసి చాలసేపు కన్నులు మూసుకొనియుండెను. తరువాత లేచి, చెంబు తీసికొని, విడిదితావునందలి కుళాయి దగ్గరకు పోయెను. మూడుసార్లు తొలిచెను. మా తెనాలి వీధిలోనివా రెవరైన చూచుచున్నారేమో యనునట్లు ఇటు నటు చూచెను. నింపుకొని వచ్చి, క్యాంపరు మెట్టెక్కుచు నన్ను చూచి, "ఈ చెంబు బరువెంతుంటుందిరా?" అనెను.